మస్టర్లో లేని పేరు

తెనాలిలో రంగనాయకులు గారి రైసు మిల్లులో ఎవరి సంగతి కావాలన్నా గుమస్తా దశరథరామయ్యను అడిగితే చాలు. హమాలీ ప్రకాశానికి ఎందరు పిల్లలో, వడ్లు ఎండబోసే విజయమ్మ మొగుడిది ఏ ఊరో, బాయిలరు దగ్గరుండే వెంకట సుబ్బయ్య వయసు ఎంతో, అతను చెప్పుకునే వయసు ఎంతో, అన్నీ ఆయన నాలుక చివరే ఉండేవి. ఉండవూ మరి! ఫ్యాక్టరీ పనివాళ్ళకి సర్కారు పెట్టిన ఇ.ఎస్.ఐ. బీమా మిల్లుకి వచ్చినప్పుడు కాగితాలన్నీ నింపింది ఆయనే. ముప్ఫై ఎనిమిది మందికీ ఫొటోలు తీయించి, బంక రాసి అంటించి, వేలిముద్రలు వేయించి, భార్య పేరు, పిల్లల పేర్లు, ముసలి తల్లి పేరు గుండ్రటి అక్షరాలతో రాసి ఆఫీసుకి పంపాడు. నెలనెలా చందా కట్టేదీ ఆయనే. రాయాల్సిన పేరు ఇంకొకటి ఉందని మాత్రం ఆ మహానుభావుడికి ఎనిమిదేళ్ళ పాటు తోచలేదు. ఆ పేరు ఆయనదే.

తోచలేదంటే అబద్ధమవుతుంది. తోచింది గానీ తోసేశాడు.

ఆయనది రేపల్లె అవతల పల్లె. అయిదెకరాల మాగాణి ఉండేది. డెబ్భై ఏడు ఉప్పెనలో ఉప్పునీళ్ళు పొలం మీద నిలిచిపోయాయి. గొడ్లు పోయాయి. ఆ మరుసటి ఏడు గింజ కూడా పండలేదు. పొలాన్ని వచ్చినకాడికి అమ్ముకుని, రేపల్లెలో మిల్లుల గుమ్మాల ముందు పనికోసం నిలబడుతుంటే, పెద్దమ్మ కొడుకు రంగనాయకులు తెనాలి నుంచి కారు వేసుకొచ్చి నలుగురి ముందూ కోప్పడ్డాడు. "నేను బతికుండగా పరాయోళ్ళ మిల్లులో చేరతావేంట్రా? పద, మన మిల్లుకి!" ఆ 'మన' అన్న మాటకి దశరథరామయ్య అక్కడే కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. మనిషిని నిలబెట్టిన మాట అది. ఆ పుణ్యం రంగనాయకులుదే, కాదనకూడదు.

మిల్లు వెనక రెండు గదుల ఇల్లు ఇచ్చాడు. ఏడాది పొడుగునా బియ్యం, పండక్కి బట్టలు, నెలకి 'ఖర్చులకి' కొంత. దాన్ని అన్నయ్య ఎప్పుడూ జీతం అనలేదు. తమ్ముడూ అనలేదు. అనుకోవడం ఇద్దరికీ చిన్నతనంగా ఉండేది. మధ్యాహ్నం ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఒకే క్యారేజీలోంచి అన్నం తినేవాళ్ళు. రంగనాయకులు కూతురి పెళ్ళిలో పందిరి గుమ్మం దగ్గర పన్నీరు చల్లింది దశరథరామయ్యే. కూలీలు ఆయన్ని 'చిన్నయ్యగారూ' అని పిలిచేవాళ్ళు. ఈ చిన్నయ్యగారు పొద్దున ఏడింటికి మిల్లు తలుపులు తీసి, రాత్రి తొమ్మిదింటికి వేసేవాడు. ఆదివారం కూలీలకి సెలవు, పెద్దయ్యగారికీ సెలవే. చిన్నయ్యగారు మాత్రం ఆ రోజు కూడా కుర్చీలో కూర్చుని వారం రోజుల లెక్కలు సరిచూసుకునేవాడు.

ఎనభై నాలుగులో బీమా ఆఫీసు నుంచి బసవేశ్వరరావు అనే ఇనస్పెక్టరు వచ్చాడు. మనిషి సౌమ్యుడే గానీ ప్రతి కాగితం తిరగేసి మరీ చూసే రకం. అన్నీ చూసి, "రాత బాగుందండి" అని మెచ్చుకుని, "మరి మీ పేరేదండి ఇందులో?" అన్నాడు.

"నేను ఓనరుగారి తమ్ముణ్ణండి," అన్నాడు దశరథరామయ్య. అని, చొక్కా కాలరు సవరించుకున్నాడు.

ఇనస్పెక్టరు ఆయన వంకా, ఆయన చేతికింద ఉన్న హాజరు పుస్తకం మస్టరు వంకా ఒకసారి చూసి, తన పుస్తకంలో ఏదో రాసుకుని వెళ్ళిపోయాడు. లోపలి గదిలోంచి ఆ మాట విన్న రంగనాయకులు బయటికొచ్చి తమ్ముడి భుజం తట్టాడు. ఆ సాయంత్రం దశరథరామయ్య ఈల వేసుకుంటూ ఇంటికి వెళ్ళాడంటే నమ్మండి.

అయిదేళ్ళ తర్వాత విజయమ్మకి గుండె జబ్బు చేసింది. డిస్పెన్సరీ డాక్టరు గుంటూరు పంపాడు, గుంటూరు వాళ్ళు హైదరాబాదు పంపారు. గుండె తెరిచి, పాడైన కవాటం తీసేసి కొత్తది పెట్టారు. ఆమెగానీ, ఆమె మొగుడుగానీ ఒక్క రూపాయి అప్పు చేయలేదు. తిరిగొచ్చిన విజయమ్మ దశరథరామయ్య కాళ్ళకి దండం పెట్టబోతే, "సర్కారు ఇచ్చిందమ్మా, నాదేముంది" అని ఆయన ఎంతో పెద్దరికంగా అన్నాడు.

ఆ పెద్దరికం మూడేళ్ళు నిలిచింది.

తొంభై రెండు ఎండాకాలంలో దశరథరామయ్య భార్య శకుంతల బోరింగు దగ్గర బిందె నింపుకుని ఇంటికొచ్చేలోపు రెండుసార్లు దించాల్సి వచ్చింది. వయసు ముప్ఫై ఎనిమిదే. ఎండ దెబ్బ అనుకున్నారు. తర్వాత మాట మధ్యలో ఊపిరి అందేది కాదు. కొన్నాళ్ళకి వెల్లకిలా పడుకోలేక గోడకి దిండు ఆనించుకుని కూర్చునే కునుకు తీసేది. పిల్లలు లేని ఇల్లు. వాళ్ళిద్దరికీ ఒకరికొకరే. ఆమె ఊపిరి చప్పుడు వింటూ పక్కన కూర్చోవడం తప్ప దశరథరామయ్యకి ఏం చేయాలో తోచేది కాదు.

గుంటూరు డాక్టరు చూసి, చిన్నప్పుడు కీళ్ళ నొప్పులతో జ్వరం వచ్చిందా అని అడిగాడు. వచ్చిందండి, బాపట్లలో, పదేళ్ళప్పుడు, అని శకుంతల చెప్పింది. అప్పుడు పట్టిన జబ్బు లోపల్లోపల గుండె కవాటాన్ని మూసేస్తూ వచ్చిందట. "ఆపరేషను తప్పదు. ఆర్నెల్లు దాటనివ్వకండి," అన్నాడు. ఎంతవుతుందో కూడా చెప్పాడు. దశరథరామయ్య ఆ అంకెను రెండోసారి అడగలేదు. అంత డబ్బు ఆయన తన కళ్ళతో చూసింది అన్నయ్య బల్ల మీదే, అదీ వడ్లు కొనే రోజుల్లో.

బాపట్లలో శకుంతల తమ్ముడు ఉమామహేశ్వరరావు ఉన్నాడు. వ్యవసాయ కాలేజీలో గుమస్తా. ఇద్దరూ రైలెక్కి వెళ్ళారు. అక్కని చూడగానే అతని ముఖం పాలిపోయింది. మంచం వేసి, దిండ్లు పేర్చి కూర్చోబెట్టి, బావ చెప్పిందంతా విన్నాడు.

"ఇల్లు తాకట్టు పెడతాను బావా, అందులో మాటేం లేదు. కానీ అది సగానికి కూడా చాలదు," అన్నాడు. కాసేపు ఆలోచించి, "అయినా మీ మిల్లుకి ఇ.ఎస్.ఐ. ఉందిగా? దాని కింద పెద్ద ఆపరేషన్లు చేయిస్తున్నారుగా?" అన్నాడు.

దశరథరామయ్య చాప అంచున లేచిన పుల్లను లోపలికి దోపాడు.

"అవునండీ," అంది శకుంతల. ఆమె కళ్ళు ఒక్కసారిగా వెలిగాయి. "మన విజయమ్మకి చేయించింది మీరేగా. నాకు ఇన్నాళ్ళూ గుర్తే రాలేదు చూడండి. మన కాగితం ఎక్కడుంది?"

"మనకి లేదు."

"ఎందుకు లేదు?"

"మనం కూలీలం కాదుగా, శకుంతలా."

ఆమె ఊపిరి కూడదీసుకోవడానికి ఆగింది. గదిలో ఉన్నవాళ్ళంతా ఆమె మళ్ళీ మాట్లాడేదాకా ఎదురుచూశారు.

"మరి మనం ఏంటండీ?" అంది.

కోపంగా అనలేదు. కోపగించుకోవడానికి ఆమె దగ్గర ఊపిరి లేదు. తెలియక అడిగినట్టే అడిగింది. పదమూడేళ్ళు మిల్లులో అందరి సంగతీ చెప్పగలిగిన మనిషి, తన సంగతి చెప్పలేక ఆ చాప మీద అలాగే కూర్చుండిపోయాడు. ఆ సిగ్గు ఎలాంటిదో పడ్డవాడికే తెలుస్తుంది.

మర్నాడు మధ్యాహ్నం అన్నం దగ్గర అన్నయ్యతో చెప్పాడు. నా పేరు కూడా మస్టర్లో రాయించు అన్నయ్యా, శకుంతలకి ఆపరేషను అవుతుంది, అన్నాడు.

రంగనాయకులు చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "నా తమ్ముణ్ణి జీతగాడని రాయమంటావా? రేపు మన వాళ్ళు ఏమంటారు? పిన్ని కొడుకుని తీసుకొచ్చి కూలికి పెట్టుకున్నాడని అనరూ?"

"అననీ అన్నయ్యా."

"నీకేంరా, అననీ అంటావు. డబ్బే కదా, నేను పెడతాను. పంట రానీ."

పంట రావడానికి నాలుగు నెలలుంది. వచ్చినా మిల్లు బ్యాంకు చేతిలో ఉందని అన్నకంటే తమ్ముడికే బాగా తెలుసు, ఆ కాగితాలు రాసిందీ ఆయనే కాబట్టి. ఆ సంగతి దశరథరామయ్య పైకి అనలేదు. అననందుకు రంగనాయకులుకి ఇంకా మండింది. చెయ్యి కడుక్కుని, "పోనీ, నిన్న చేరినట్టు రాసుకో, పో!" అన్నాడు.

దశరథరామయ్య అలాగే రాశాడు. పట్టుకుని బీమా ఆఫీసుకి వెళ్ళాడు. అక్కడ మేనేజరు కుర్చీలో బసవేశ్వరరావు ఉన్నాడు, జుట్టు నెరిసి, కళ్ళజోడుతో.

కాగితం చదివి తలెత్తాడు. "ముప్ఫై తొమ్మిదో మనిషి. నిన్న చేరారా?"

"అవునండి."

"ఇంట్లో ఎవరికి బాగాలేదండి?"

"మా ఆవిడకండి. గుండె ఆపరేషను," అన్నాడు దశరథరామయ్య. బసవేశ్వరరావు మంచినీళ్ళు తెప్పించాడు. తాగేదాకా ఆగి, నెమ్మదిగా చెప్పాడు. "చూడండి, మీరు ఆయనకి తమ్ముడైనా, బావమరిదైనా మాకు అడ్డం లేదు. జీతానికి పనిచేసిన ప్రతివాడూ కార్మికుడే. మీరు పనిచేశారనడానికి సాక్ష్యం కూడా అక్కర్లేదు, ఇన్నేళ్ళ మస్టరు మీ చేతిరాతే. కానీ మీకు జీతం ఉన్నట్టు ఎక్కడా లేదు. ఎప్పటి నుంచి చేస్తున్నారో, నెలకి ఏమిస్తున్నారో మీ ఓనరుగారు వచ్చి నిజం రాసివ్వాలి. ఎనిమిదేళ్ళ చందా, వడ్డీ, జరిమానా ఆయనే కట్టాలి. నిన్న చేరినట్టు రాస్తే మాత్రం నేను సంతకం పెట్టను. రేపు ఎవరైనా తిరగదోడితే మీ ఆవిడ ఆపరేషను మధ్యలో ఆగుతుంది."

"ఆయన రారండి," అన్నాడు దశరథరామయ్య.

"అడిగి చూడండి. మీరు ఆరోజు ఒక్క మాట అని ఉంటే నేను ఆరోజే రాయించేవాణ్ణి," అన్నాడు బసవేశ్వరరావు. దెప్పడానికి కాదు, నిజంగానే బాధపడుతూ అన్నాడు.

ఆఫీసులో జరిగిందంతా వచ్చి చెబితే రంగనాయకులు విని, లేచి ఇంటికి వెళ్ళిపోయాడు. మర్నాడు అన్నానికి మిల్లుకి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. క్యారేజీ ఇంటి నుంచి రావడమే మానేసింది. దశరథరామయ్య మాత్రం ఏడింటికి తలుపులు తీస్తూనే ఉన్నాడు. ఆయనకి అన్నయ్య మీద కోపం రావడం లేదు. వస్తే బాగుండునని మాత్రం అనిపించేది.

ఆ రోజుల్లో విజయమ్మ పని దిగగానే వచ్చి శకుంతల దగ్గర కూర్చునేది. జాకెట్టు పక్కకి తప్పించి, రొమ్ముల మధ్య నిలువుగా ఉన్న మచ్చ చూపించేది. "ఇంతే అమ్మగారూ. తెలివొచ్చాక పచ్చిపుండు నొప్పి, పదిరోజులు. ఆ తర్వాత చూడండి, గాలి ఎంత తియ్యగా ఉంటదో!" శకుంతల ఆ మచ్చను వేలితో తాకి చూసింది. వెళ్తూ వెళ్తూ విజయమ్మ గుమ్మంలో నిలబడి దశరథరామయ్యతో అంది: "చిన్నయ్యగారూ, తప్పుగా అనుకోబాకండి. మా పేర్లు రాసేటప్పుడు మీ పేరు కూడా రాసుకున్నారనే మేమంతా అనుకున్నాం. మాకంటే ఎక్కువ పని మీరే చేస్తారు గదండి."

నాలుగో రోజు పొద్దున పదింటికి రంగనాయకులు తమ్ముడి ఇంటికి వచ్చాడు. మిల్లు వెనకే అయినా, ఆ గుమ్మం తొక్కి ఏడాది దాటింది. మరదలికి బాగాలేదని విన్నాడే గానీ చూడలేదు. లోపలికొచ్చి కుర్చీలో కూర్చుని, సర్దిచెప్పే మాటలు నాలుగు మొదలుపెట్టాడు.

బావగారు ఇంటికొస్తే గోడకి ఆనుకుని కూర్చోవడం శకుంతలకి తెలియదు. కొంగు సర్దుకుని లేచి నిలబడింది. "కాఫీ తెస్తాను బావగారూ," అంది. వద్దమ్మా అని ఆయన అంటున్నా, వద్దు శకుంతలా అని మొగుడు అంటున్నా వినలేదు. వంటగదిలోకి వెళ్ళింది. స్టవ్వు వెలిగిన చప్పుడైంది. గ్లాసు చప్పుడైంది. ఆ తర్వాత చాలాసేపు ఏ చప్పుడూ లేదు. అన్నదమ్ములిద్దరూ లేచి చూశారు. శకుంతల వంటగది గడప మీద కూర్చుని ఉంది. పెదవులు నీలంగా ఉన్నాయి. మాట రావడం లేదు. గ్లాసులో కాఫీ తొణక్కుండా రెండు చేతులతోనూ పట్టుకుని, బావగారి వైపు చాపింది.

రంగనాయకులు వంగి గ్లాసు అందుకున్నాడు. నిలబడే, వేడివేడిగానే, చివరి చుక్కదాకా తాగాడు. గ్లాసు కింద పెట్టి, "పదరా," అన్నాడు.

"ఎక్కడికి అన్నయ్యా?"

"బీమా ఆఫీసుకి."

విజయమ్మను పిలిచి శకుంతల దగ్గర కూర్చోబెట్టి ఇద్దరూ బయల్దేరారు. బసవేశ్వరరావు కుర్చీ చూపించి తెల్లకాగితం ఇచ్చాడు. రంగనాయకులు సొంత చేత్తో రాయడం మొదలుపెట్టాడు. పదమూడేళ్ళుగా ఆయన తరఫున అన్నీ తమ్ముడే రాసేవాడు కాబట్టి, ఆ చేతికి రాత అలవాటు తప్పింది. ఇతను నా పిన్ని కొడుకు, ఫలానా ఏడాది నుంచి నా మిల్లులో గుమస్తాగా పనిచేస్తున్నాడు, అని రాసి, 'నెలకి ఖర్చులకి' అన్న మాట దగ్గర ఆగాడు. దాన్ని కొట్టేసి 'జీతం' అని రాశాడు. ఆ తర్వాత కలం పక్కన పెట్టేశాడు.

"ప్రకాశానికి ఆదివారం సెలవిచ్చాను సార్," అన్నాడు. "జ్వరమొస్తే పదిరోజులు ఇంట్లో ఉండమన్నాను. వీడికి ఏనాడూ ఇవ్వలేదు. తమ్ముడు కదా, తమ్ముడికి సెలవేంటి అనుకున్నాను. నాకు తెలియదు సార్, నేను వీణ్ణి దోచుకుంటున్నానని."

"అన్నయ్యా," అన్నాడు దశరథరామయ్య. "నేను కూడా అడగలేదుగా. అడిగితే చిన్నయ్యగారు అనడం మానేస్తారని."

బసవేశ్వరరావు ఇద్దరి వైపూ చూడకుండా కాగితాన్ని తన వైపు తిప్పుకుని చదివి, సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపించాడు. జరిమానా కట్టడానికి రంగనాయకులు కారు అమ్మేశాడని ఊళ్ళో తర్వాత తెలిసింది. మన వాళ్ళు అనుకోవాల్సినవన్నీ అనుకున్నారు. పదిరోజులు అనుకుని మానేశారు.

డిస్పెన్సరీ చీటీ, గుంటూరు చీటీ, ఆ తర్వాత హైదరాబాదు. ఎన్నో కాగితాలు. ప్రతిదాని మీదా 'కార్మికుడి భార్య' అని ఉండేది. ఆపరేషను రోజు ఉమామహేశ్వరరావు వచ్చి బావ పక్కన బెంచీ మీద కూర్చున్నాడు. ఆ బెంచీ నిండా అలాంటివాళ్ళే. నూలు మిల్లు మనిషి ఒకడు, కొడుకు కోసం. పెంకుల ఫ్యాక్టరీలో పనిచేసే ముసలాయన, భార్య కోసం. ఒకరి పేరు ఒకరు అడిగి తెలుసుకున్నారు. ఎవరి పని ఏంటో చెప్పుకోవడానికి అక్కడ ఎవరికీ సిగ్గు లేదు. అయిదు గంటల తర్వాత డాక్టరు బయటికొచ్చి, "బాగుంది, పని చేస్తోంది," అన్నాడు. దశరథరామయ్య బెంచీ మీద కూర్చునే ఆయనకి రెండు చేతులూ జోడించాడు.

నెల తర్వాత ఇంటికి పంపారు. ఆఖరి రోజు కౌంటరు దగ్గర దశరథరామయ్య ఎంత కట్టాలో అని భయంభయంగానే నిలబడ్డాడు. అక్కడ కూర్చున్నమ్మాయి ఒక సంతకం పెట్టించుకుని, "వెళ్ళిరండి," అంది. ఆయన కదలకపోతే, ఇంకేం లేదండి, అంతే, అని మళ్ళీ చెప్పింది.

తెనాలిలో రైలు దిగేసరికి ప్లాట్‌ఫారం మీద రంగనాయకులు ఒక్కడే నిలబడి ఉన్నాడు. మరదలి ముఖం చూసి, తమ్ముడి ముఖం చూడలేక, కింద ఉన్న పెట్టె అందుకున్నాడు.

"ఇటివ్వు అన్నయ్యా, నేను మోస్తాను."

"ఉండరా. డాక్టర్లేమన్నారు, బరువులు ఎత్తకూడదన్నారా?"

"అది శకుంతలకి. నాకు కాదు."

"సరేలే, నడువు," అన్నాడు రంగనాయకులు. పెట్టె వదల్లేదు. నాలుగడుగులు వేశాక, "ఈ నెల రోజులూ మస్టరు నేనే రాశాను. చాలా పనుందిరా అందులో," అన్నాడు.

బయటికి పోవాలంటే పట్టాల మీది వంతెన ఎక్కాలి. శకుంతలని మధ్యలో ఎక్కడ కూర్చోబెట్టాలా అని దశరథరామయ్య చూస్తున్నాడు. ఆమె కుచ్చెళ్ళు కాస్త ఎత్తి పట్టుకుని, కమ్మీ మీద చెయ్యి వేసి, మెల్లగా మెట్లెక్కడం మొదలుపెట్టింది. ఒకటి, ఇంకొకటి, ఎక్కడా ఆగలేదు. వెనక పెట్టె బరువుకి రంగనాయకులు సగంలో నిలబడిపోయి రొప్పుతున్నాడు. దశరథరామయ్య ఆయనతో పాటు ఆగాడు.

శకుంతల పైమెట్టు మీద వెనక్కి తిరిగింది. గాలికి కొంగు ఎగురుతుంటే భుజం మీద పట్టుకుని, వాళ్ళిద్దరూ వచ్చేదాకా నిలబడింది. ఇన్నాళ్ళూ ఆమె కోసం అందరూ ఆగేవాళ్ళు. "తొందరేం లేదు, నిదానంగా రండి," అంది.